ప్లగ్ నల్లబడితే ముందు మెయిన్ జెట్ మీద చెయ్యి వెయ్యకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ వేసవిలో మీ ఆదివారం అనుబంధంలో టూ-స్ట్రోక్ డర్ట్ బైకుల కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజినుకి పంపే భాగం) గురించి ఒక వ్యాసం వచ్చింది. పేజీ తిప్పగానే ఆ శీర్షిక కనిపించి నాకు చాలా సంతోషం వేసింది. టూ-స్ట్రోక్ గురించి రాసేవాళ్ళే కరువైన రోజులివి. కెటిఎం తన 2018 మోడల్ ఎండ్యూరో (అడవి దారుల) టూ-స్ట్రోక్ బండ్లతోనే, కార్బొరేటర్ బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌లోకి వెళ్ళడం మొదలుపెట్టింది. అయినా కార్బొరేటర్ బండ్లు ఇంకా చాలామంది చేతుల్లో ఉన్నాయి. వాటిని కొత్తగా కొనుక్కున్న కుర్రాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ. కాబట్టి మీ వ్యాసాన్ని వాళ్ళు కత్తిరించి షెడ్డులో గోడకి అంటించుకుంటారు. నా భయమంతా అదే.

ప్లగ్ నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టేనని, మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్ళే ప్రధాన రంధ్రమున్న మర) ఒక సైజు తగ్గించమని, ఇంకా నల్లగానే ఉంటే మరో సైజు తగ్గించమని అందులో రాశారు. పాతికేళ్ళ కింద నాకు ఒక పెద్ద మెకానిక్ చెప్పిన మాట కూడా ఇదే. ఆయన మీద గౌరవంతో అక్షరం తప్పకుండా పాటించాను. ఏం జరిగిందో చెబుతాను, వినండి.

అప్పుడు నా దగ్గర 250 సీసీ బండి ఉండేది. దానికి కెయిహిన్ 38 ఎంఎం కార్బొరేటర్, అందులో 178 మెయిన్ జెట్. చెట్ల మధ్య, రాళ్ళ మీద మెల్లగా నడిపేవాణ్ణి. ఇంటికొచ్చి ప్లగ్ విప్పితే నల్లగా, తడిగా ఉండేది. 178 తీసి 175 వేశాను. నలుపు పోలేదు. 172 వేశాను. అప్పటికీ నలుపే. చివరికి 168 దాకా దిగాను. కెయిహిన్ జెట్ మీద ఉండే అంకె రంధ్రం కొలత. 178 అంటే 1.78 మిల్లీమీటర్లు, 168 అంటే 1.68. చూడ్డానికి వెంట్రుకంత తేడా. వైశాల్యంలో లెక్కేస్తే 11 శాతం తగ్గింది. అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజినుకి అందాల్సిన పెట్రోలులో పదో వంతుకి పైగా కోసేశాను. టూ-స్ట్రోక్‌కి పెట్రోలులోనే కలిపి పోసే ఆయిల్‌లో కూడా అంతే కోత పడింది. ఇదంతా నేను ఎండలు మండే రోజుల్లో చేసిన పని.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. నిజం చెప్పాలంటే బండి ఇంకా చురుగ్గా అనిపించింది. లీన్ అయిన (గాలికి తగ్గ పెట్రోలు అందని; ఎక్కువైతే రిచ్ అంటారు) టూ-స్ట్రోక్ పాడయ్యే ముందు అలాగే హుషారుగా ఉంటుంది, మోత కూడా పదునుగా వినిపిస్తుంది. ఆ మోత విని నేను సంబరపడ్డాను. తర్వాత ఒక చలి పొద్దున ఇసుక నేల మీద పొడవాటి తిన్నని దారి దొరికింది. ఐదో గేరులో యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకున్నాను. తేడా ముందు చెవికి తెలిసింది. మోత సన్నబడి, రేకు మీద మేకుతో గీసినట్టు అయింది. ఆ వెంటనే బండిని వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు అనిపించింది. క్లచ్ పట్టుకోవాల్సిన క్షణం అదేనని అప్పటికి నాకు తెలియదు. పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది. నేను ఎడమ భుజం మీద పడ్డాను. కాలర్ బోన్ విరిగింది.

సిలిండర్ విప్పాక ఆ పిస్టన్‌ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎగ్జాస్ట్ వైపు బొటనవేలంత వెడల్పున బూడిదరంగు చారలు. గోరు పెట్టి గీరితే గరగరలాడుతోంది. అల్యూమినియం మెత్తబడి పై రింగు మీదికి పూసుకుపోయింది, రింగు గాడిలో కదలనే లేదు. ఇన్‌టేక్ వైపు తిప్పి చూస్తే కొత్తదానిలా నున్నగా ఉంది. ఇక ప్లగ్ చూడండి: చివర తెల్లగా కాలింది, పింగాణీ మీద ఆవగింజలో సగం కూడా లేని అల్యూమినియం చుక్కలు మెరుస్తున్నాయి. ముందురోజు సాయంత్రం నేను విప్పి చూసినప్పుడు అదే ప్లగ్ నల్లగా ఉంది! ఒకే ప్లగ్, ఒకే కార్బొరేటర్. మెల్లగా నడిపితే పెట్రోలు ఎక్కువైంది, పూర్తిగా తిప్పితే చాల్లేదు. మీ వ్యాసంలో రాయకుండా వదిలేసిన సంగతి ఇదేనండి.

కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్ళే దారి ఒకటి కాదు. యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్న దాన్నిబట్టి ఒక్కోచోట ఒక్కో భాగం పెత్తనం చేస్తుంది. పూర్తిగా మూసి ఉన్నప్పటినుంచి ఎనిమిదో వంతు తెరిచేదాకా పైలట్ జెట్ అనే చిన్న జెట్, దానికి గాలి సరిచేసే ఎయిర్ స్క్రూ. అక్కణ్ణుంచి పావు వంతు దాకా, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడ్ అడుగున వాలుగా కోసిన అంచు, దాంతోపాటు ఆ స్లైడ్‌కి వేలాడే సూది పైభాగం. పావు నుంచి ముప్పావు దాకా సూదిదే రాజ్యం. ముప్పావు దాటాకే మెయిన్ జెట్ చేతికి పగ్గాలు వస్తాయి. వీటి మధ్య గీత గీసినట్టు హద్దులు ఉండవు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీదికి కొంత పాకుతుంది. కానీ అడవి దారిలో మెల్లగా నడిపేవాడు గంటసేపట్లో యాక్సిలరేటర్‌ని ముప్పావు దాటించేది ఎంతసేపు? వాడి ప్లగ్ నల్లబడిందంటే అది పైలట్ చేసిన పని కావచ్చు, సూది చేసిన పని కావచ్చు. మెయిన్ జెట్ ఎంత తగ్గించినా ఆ నలుపు పోదు. పోలేదని వాడు ఇంకా తగ్గిస్తాడు. నేను చేసింది అదే.

నా బండి మళ్ళీ కట్టాక ఎయిర్ స్క్రూ చూసుకుంటే అసలు దొంగ దొరికాడు. స్క్రూ మూడు చుట్లు బయటికి ఉంది. దాన్ని బయటికి తిప్పితే గాలి పెరిగి మిక్చర్ పల్చబడుతుంది, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. మంచి ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి ఇంజిను నడక) కోసం మూడు చుట్లు బయటికి రావాల్సి వచ్చిందంటే పైలట్ జెట్ పెద్దదైందని అర్థం. 50 తీసి 48 వేశాను. సూది ఎత్తు నిర్ణయించే క్లిప్ పైనుంచి నాలుగో గాడిలో ఉంటే మూడో గాడిలోకి మార్చాను. క్లిప్ పైకి వెళ్తే సూది కిందికి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. మొదట్లో చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, కాబట్టి ఒకటికి రెండుసార్లు చెప్పడంలో తప్పులేదు. మెయిన్ జెట్ మళ్ళీ 178 వేశాను. ప్లగ్ నల్లబడటం ఆగిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి 125 సీసీ బండి నడుపుతోంది. పోయిన ఏడాది ఒకరోజు వచ్చి, "నాన్నా, మలుపులోంచి లేపేటప్పుడు బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతోంది. రిచ్ అయిందేమో, మెయిన్ తగ్గిద్దామా?" అంది. నా గుండె ఝల్లుమంది. జెట్ల డబ్బా పక్కన పెట్టించి తెల్ల టేపు తెమ్మన్నాను. యాక్సిలరేటర్ పట్టుకునే రబ్బరు మీద ఒక గీత, దాని పక్కన కదలని భాగం మీద మూసి ఉన్నచోట ఒకటి, పావు, సగం, ముప్పావు, పూర్తి అని వరసగా అయిదు గీతలు. "ఇప్పుడు వెళ్ళి, బండి ఎక్కడ ఆగుతోందో గీత చూసి చెప్పమ్మా" అన్నాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. మూసిన గీతకీ పావు గీతకీ మధ్యలోనే ఆగుతోందట, ఆ పైన బాగానే ఉందట. మెయిన్ జెట్‌కి ఆ చోటుతో సంబంధమే లేదు.

ఇంజిను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూని తనచేతే తిప్పించాను. పావు చుట్టు తిప్పడం, కాసేపు ఆగి వినడం. ఇంజిను చప్పుడు మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది, తొందరపడితే తెలియదు. లోపలికి తిప్పేకొద్దీ ఐడ్లింగ్ పెరుగుతూ పోయింది. స్క్రూ దాదాపు బిగిసేదాకా వెళ్ళినా ఇంకా కావాలన్నట్టే ఉంది. అంటే పైలట్ జెట్ చిన్నది, పెట్రోలు చాలక ఆగుతోంది. తను అనుకున్నది రిచ్, ఉన్నది లీన్. 42 తీసి 45 వేశాం. ఐడ్లింగ్ అన్నిటికన్నా బాగున్న చోటు ఒకటిన్నర చుట్ల దగ్గర దొరికింది. ఒకటి నుంచి రెండు చుట్ల మధ్యలో ఆ చోటు దొరికితే పైలట్ సరిపోయినట్టే. ఆ సాయంత్రం మలుపులోంచి బండి లేచిన తీరు చూసి మా అమ్మాయి హెల్మెట్ తీయకుండానే చెయ్యి ఊపింది.

ఒకవేళ నేను లేనప్పుడు మా అమ్మాయి మీ వ్యాసం ఒక్కటే చదివి ఉంటే, లీన్‌గా ఉన్న బండికి అది మెయిన్ జెట్ కూడా తగ్గించి ఉండేది. ఆ ఆలోచన వచ్చిన రాత్రే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను.

వ్యాసంలో ఇంకో పొరపాటు కూడా ఉంది. పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ ఎక్కువ కలిపితే మిక్చర్ రిచ్ అవుతుందని రాశారు. రిచ్, లీన్ అనేవి గాలికీ పెట్రోలుకీ మధ్య లెక్క, ఆయిల్‌ది కాదు. జెట్ రంధ్రంలోంచి వెళ్ళే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. 40:1 అంటే లీటరుకి 25 మిల్లీలీటర్లు, 32:1 అంటే 31 మిల్లీలీటర్లు. 40 నుంచి 32కి మారితే బండి కొద్దిగా లీన్ వైపే జరుగుతుంది. తేడా చిన్నదే. కానీ ప్లగ్ నల్లబడిందని ఆయిల్ తగ్గించేవాళ్ళని నేను చూశాను. అసలు కారణాన్ని వదిలేసి బేరింగులకీ పిస్టన్‌కీ తిండి మానిపించడం అది. బండి తయారుచేసినవాళ్ళు చెప్పిన పాళ్ళలో ఆయిల్ కలిపి, ఆ పాళ్ళకే జెట్ సరిచేసుకోవాలి. రోజుకో రకంగా కలిపితే జెట్టింగ్ ఎప్పటికీ కుదరదు.

జెట్ల దాకా వెళ్ళకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్‌లో మట్టి ఉంటే బండి రిచ్‌గానే ప్రవర్తిస్తుంది. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ ఎత్తు తప్పినా అంతే. పీల్చుకున్న మిక్చర్ వెనక్కి పోకుండా ఆపే రీడ్ వాల్వ్ రేకు అంచు విరిగినా, ఎగ్జాస్ట్ దారిని సవరించే పవర్ వాల్వ్ బొగ్గు పట్టి ఇరుక్కున్నా, నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలు పోసినా లక్షణాలు జెట్టింగ్ తప్పినట్టే కనిపిస్తాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువ భయపడేది గాలి లీకుకి. మాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపు క్రాంక్ ఆయిల్ సీల్ అరిగితే అక్కణ్ణుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. కార్బొరేటర్‌లోంచి రాని గాలికి కార్బొరేటర్ పెట్రోలు కలపలేదు కదా! యాక్సిలరేటర్ మూశాక కూడా ఇంజిను రేజ్ అలాగే పైన నిలబడి, మెల్లగా దిగుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్ని. అక్కడ జెట్ పెంచితే రోగం దాగుతుంది గానీ తగ్గదు. క్లచ్ వైపు సీల్ పోతే సంగతి వేరు. అది గేర్ బాక్స్ ఆయిల్‌ని లాక్కుంటుంది, పొగ తెల్లగా దట్టంగా వస్తుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతుంది. అప్పుడూ ప్లగ్ నల్లబడుతుంది. అప్పుడు కూడా మెయిన్ జెట్ తగ్గించమనేనా?

ఈ లీకు పట్టుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కార్బొరేటర్ తీసి ఇన్‌టేక్ నోరు, సైలెన్సర్ పైపు తీసి ఎగ్జాస్ట్ నోరు రబ్బరు బిరడాలతో మూసి, మీటరున్న చేతి పంపుతో లోపలికి 6 పి.ఎస్.ఐ. ఒత్తిడి దాకా గాలి ఎక్కించి 6 నిమిషాలు చూడాలి. ముల్లు దిగుతుంటే సబ్బునీళ్ళు పూసి వెతకాలి. నేను ఒకసారి ఫ్లైవీల్ తీసేసి సీల్ చుట్టూ బ్రష్‌తో సబ్బునీళ్ళు రాస్తే, సీల్ పెదవి దగ్గర శనగగింజంత బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బింది. బయటినుంచి చూస్తే ఆ సీల్‌కి ఏ లోపమూ కనిపించలేదు. అంతకుముందు నాలుగు వారాలు నేను ఆ బండికి జెట్లు మారుస్తూనే ఉన్నాను.

ప్లగ్ చూడటం తప్పని నేను అనడం లేదు. ఏ క్షణాన్ని చూస్తున్నామో తెలిసి చూడాలి. మెయిన్ జెట్ సంగతి తేల్చుకోవాలంటే వేడెక్కిన ఇంజినుకి కొత్త ప్లగ్ వేసి, పై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, వీలైనంత దూరం వెళ్ళి, అలా ఉండగానే క్లచ్ పట్టి, ఇంజిను ఆపే కిల్ బటన్ నొక్కాలి. అక్కడే బండి ఆపి ప్లగ్ విప్పాలి. ఐడ్లింగ్‌లో మెల్లగా ఇంటిదాకా వచ్చి విప్పితే మీకు కనిపించేది పైలట్ జెట్ రాసిన రాత. రంగు కూడా చివర కాదు, పింగాణీ లోపలికి దిగిన అడుగున ఉండే వలయంలో చూడాలి. టార్చిలైటు లేకుండా కనిపించదు. ఇప్పటి సీసం లేని పెట్రోలులో రంగు తొందరగా ఎక్కదు, ఒక్క పరుగుతో తేలకపోతే ఓపిగ్గా మళ్ళీ వెళ్ళాలి. ఎప్పుడైనా పెద్ద జెట్‌తో మొదలుపెట్టి కిందికి దిగాలి. పెద్దదైతే పై రేజ్‌లో బండి బడబడమని తడబడుతుంది, చికాకు పెడుతుంది, అంతే. చిన్నదైతే నా కాలర్ బోన్‌లా అవుతుంది.

ఈ ఉత్తరం ఇప్పుడే వెయ్యమని అడగడానికి కారణం ఉంది. మీ వ్యాసం వేసవిలో వచ్చింది. అది చదివి మెయిన్ జెట్ తగ్గించినవాళ్ళకి ఇప్పటిదాకా ఏమీ అయ్యుండదు. 40 డిగ్రీల వేడిలో గాలి పల్చగా ఉంటుంది. అదే గాలి 10 డిగ్రీలకి చల్లబడితే పది శాతానికి పైగా బరువెక్కుతుంది. ఆ పెరిగిన గాలికి తగ్గట్టు పెట్రోలు దానంతట అది పెరగదు. వేసవిలో సరిగ్గా ఉన్న జెట్టే చలి పొద్దున లీన్ అవుతుంది. వేసవిలోనే అంచుకి తెచ్చి పెట్టుకున్నవాడి సంగతి ఇక ఆలోచించండి. ఎత్తైన కొండ మీద పల్చటి గాలికి సరిపడా జెట్ తగ్గించుకుని, అదే జెట్‌తో కిందికి దిగి వచ్చి నడిపేవాళ్ళకీ ఇదే ప్రమాదం.

కాబట్టి నా మనవి ఇది. చలి మొదలవకముందే, ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వెయ్యండి. ఉత్తరం మొత్తానికి చోటు లేకపోతే ఈ నాలుగు మాటలైనా వెయ్యండి: వేసవిలో మెయిన్ జెట్ తగ్గించినవాళ్ళు ముందు బండితో వచ్చిన జెట్‌ని తిరిగి వేసుకోవాలి. యాక్సిలరేటర్‌కి టేపు గీతలు పెట్టుకుని తేడా ఎక్కడుందో చూసుకోవాలి. ఎయిర్ స్క్రూ, సూది క్లిప్ సరిచూసుకున్నాకే మెయిన్ జెట్ దగ్గరికి వెళ్ళాలి. పూర్తిగా తిప్పి నడిపేటప్పుడు ఎడమచేతి రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉంచుకోవాలి.

ఆ పాత పిస్టన్ నా దగ్గర ఇంకా ఉంది. ఫొటో కావాలంటే పంపుతాను. ఎగ్జాస్ట్ వైపు చారలు స్పష్టంగా కనిపించేలా తీయించి పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకుడు